ద్రాక్షపందిరి కింద రెండు చేతులు

నా పేరు షహనాజ్. లాడ్ బజార్ల గాజులు తొడుగుత. పద్దెనిమిదేండ్ల సంది ఇదే పని. మా ఖాలా, అంటె చిన్నమ్మ కొడుకు దుకాణంల కూసుంట. చెయ్యి నా చేతికిస్తె చాలు, బొటనవేలి కింద ఒక్క నొక్కు నొక్కి సైజు చెప్త. మొఖాలు మర్చిపోత గానీ పట్టుకున్న చెయ్యిని మర్చిపోను. గొప్పకు చెప్తలేను. ఆ గర్వమే నన్ను నిలువునా ముంచింది.

మేముండేది ఫలక్‌నుమాల. మా ఆయన యూనుస్ చాంద్రాయణగుట్ట చౌరస్తాల పండ్ల బండి పెడ్తడు. ద్రాక్ష సీజన్ వస్తె బండిని తమ్మునికి అప్పజెప్పి, శంషాబాద్ దాటినంక ఒక తోట పంట మొత్తం మాట్లాడుకుంటడు. పంట దిగేదాకా ఆ తోట ఇంట్లనే మకాం. ఒకప్పుడు ఆ దిక్కంతా ద్రాక్షతోటలే ఉండెనంట. ఇప్పుడు ఏడ చూసినా ప్లాట్లు, కాంపౌండు గోడలు. నడుమ ఈ ఒక్క తోట మిగిలింది.

రంజాన్ నెలంతా లాడ్ బజార్ల ఊపిరి తీసుకోనీకి కూడా టైం ఉండదు. ఈద్ అయిపోతె దుకాణాలు చల్లబడ్తయ్. అందుకని పోయినేడు ఈద్ అయిన మూడో రోజు నేను, మా పిల్ల హిబా కూడా తోటకు పోయినం. హిబాకు ఏడేండ్లు. పెండ్లైన తొమ్మిదేండ్లకు, ఎన్ని దర్గాలు తిరిగితెనో పుట్టింది. అది తప్ప మాకు ఇంకెవరూ లేరు.

ఇల్లు పాతది. రాతి గోడలు, పెంకుల కప్పు, ముందర పెద్ద అరుగు. అరుగు దిగి పది అడుగులేస్తె ద్రాక్షపందిరి మొదలైతది. నిలువు స్తంభాలోలె పాతిన రాతి కడీల మీద తీగలు గుంజి కట్టిన పందిరి, మస్తు కిందికి ఉంటది. పెద్దోళ్లు వంగి నడవాలె. పట్టపగలు కూడా కింద మబ్బుగనే ఉంటది. రాలిన పండ్లు పులిసిన వాసన, మందు కొట్టిన గంధకం వాసన, తడి మట్టి వాసన... మొదటి రోజు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్న. రెండో రోజుకు అలవాటైంది.

తోట చూసుకునేది వైకుంఠం కాక. ముసలాయన, మాట తక్కువ. నేను వచ్చిన నాడే ఒకటే చెప్పిండు. "బిడ్డా, పందిరి కిందికి పోతె గాజులు తీసి పో." చూస్తె పండ్లు కోసే ఆడోళ్లంత గాజులు తీసి, గేటు పక్కన మేకుకు తగిలించి లోపలికి పోతున్నరు. ఎందుకని అడిగితె ఒకామె చెప్పింది. పండు మీద తెల్లటి పొడి ఉంటది కదా, గాజు రాసుకుంటె అది పోతదంట, పండు పాతదని బేరం పడదంట. సరే, వ్యాపారం మాట, నాకు అర్థమైంది. అర్థమైందని అనుకున్న.

ఆ తెల్లారి వైకుంఠం కాక చెల్లె కొడుకు పెండ్లికి నాలుగు రోజులు ఊరికి పోయిండు. ఇటు గోరింకలు, పికిలిపిట్టలు తోట మీద పడ్డయ్. యూనుస్ డబ్బా కొట్టుకుంట, అరిసి అరిసి గొంతు పోగొట్టుకున్నడు. నాకు ఒక ఉపాయం తట్టింది. దుకాణంల పగుళ్లొచ్చిన గాజులు, రంగు తప్పిన గాజులు బస్తాడు ఉంటయ్. యూనుస్ పట్నం పోయినప్పుడు తెప్పిచ్చిన. దారానికి గుచ్చి, పందిరి కింద తీగలకు వరస వరసన కట్టిన. పండుకు తగలకుండనే కట్టిన, ఆ మాత్రం తెలివి నాకుంది. గాలికి గలగలమన్నయ్, ఒక్క పిట్ట రాలేదు.

"ఏం దిమాగే నీది!" అని యూనుస్ మురిసిండు. నేను కూడా మస్తు ఉబ్బిపోయిన.

కాక పోయిన మూడో రోజు పొద్దున పోయి చూస్తె చిన్నపిల్లల సైజు గాజులు లేవు. పెద్ద సైజులు ఉన్నవి ఉన్నట్టే ఉన్నయ్. దారం తెగలేదు. నేను వేసిన ముడులు ఇప్పలేదు. కింద గాజుపెంకు ఒక్కటి లేదు. ముడి ఇప్పకుండ, గాజు పగలకుండ దారంల నుంచి ఎట్ల వస్తది? ఎంతసేపు నిలబడ్డా నాకు అంతు పట్టలే. ఆఖరికి కోపమంతా పిల్ల మీద చూపిచ్చిన.

"నేను తియ్యలే అమ్మీ," అన్నది హిబా. "ఆమె తీసి దాసుకున్నది."

"ఎవరే ఆమె?"

"పందిరి కింద కూసుంటది కదా."

కూలోళ్ల పిల్ల ఎవరో అనుకున్న. ఆ దినం కూలోళ్లెవరూ పిల్లల్ని తేలేదని నాకు తర్వాత యాదికొచ్చింది.

నాలుగో రోజు పొద్దుగూకే యాళ. యూనుస్ ట్రాలీ ఆటోల పండ్లేసుకొని పోయిండు. కూలోళ్లు వెళ్లిపోయిన్రు. హిబా అరుగు మీద కూసొని ఎక్కాలు రాస్తున్నది. నేను లోపల పప్పు పెడుతున్న. వైకుంఠం కాక పెండ్లి నుంచి అప్పుడే తిరిగొచ్చిండు. భుజం మీది సంచి కూడా దించలేదు, పందిరి దిక్కు చూసి ఆగిపోయిండు.

"గాజులు ఎవరు కట్టిన్రు?"

"నేనే కాకా. పిట్టలకు."

ఆయన మొఖం తెల్లగైంది. "పాప ఏది?"

"అరుగు మీద..."

అరుగు మీద పుస్తకం ఉన్నది. పెన్సిల్ ఉన్నది. పిల్ల లేదు.

గాలి లేదు. ఒక్క ఆకు కదుల్తలేదు. పందిరి లోపల మాత్రం గాజులు గలగలమంటున్నయ్. నేను పొయ్యి మీద పప్పు వదిలేసి ఉరికిన. కాక వెనక నుంచి "ఆగు బిడ్డా, దీపం తెస్త" అని మొత్తుకుంటున్నడు. ఎవరు ఆగుతరు?

లోపల నా చెయ్యి నాకే కనిపిస్తలేదు. నడుం వంచి, కడీలు తడుముకుంట పోయిన. గుత్తులు మొఖానికి తగుల్తున్నయ్, చల్లగ, తడిగ. ఎక్కడనో దూరం మసీదుల మగ్రిబ్ అజాన్ మొదలైంది. "హిబా... బేటీ..." అని పిలిచిన.

"అమ్మీ."

కుడి దిక్కు. దగ్గర్నే. చెయ్యి చాపిన. చిన్న చెయ్యి వచ్చి నా చేతిల పడ్డది. యా అల్లా, నీకు శుకర్ అనుకున్న. గుంజిన.

"అమ్మీ, నేను ఇక్కడున్న."

ఎడమ దిక్కు. అదే గొంతు. నా ఎడమ చేతిల ఇంకో చిన్న చెయ్యి పడ్డది.

రెండు చేతులూ వదలలే. ఇద్దరిదీ కుడి చెయ్యే. ఇద్దరిదీ వెచ్చగనే ఉన్నది. బొటనవేలి కింద నొక్కిన. ఒకటే సైజు. ఒకటే మెత్తన. హిబా చూపుడువేలు మీద పాలగిన్నె తగిలి కాలిన చిన్న మచ్చ ఉంటది. కుడి చేతిల ఉన్న పిల్లకు తడిమి చూసిన... ఉన్నది. ఎడమ చేతిల ఉన్న పిల్లకు తడిమిన...

ఉన్నది.

"అమ్మీ, భయమైతుంది," అన్నది ఒకటి.

"అమ్మీ, పోదాం," అన్నది ఇంకోటి.

అప్పుడు నా వేళ్లు పైకి పాకినయ్. కుడి దిక్కు పిల్ల మణికట్టు బోసిగ ఉన్నది. ఎడమ దిక్కు పిల్లకు మణికట్టు నుంచి మోచేతి దాకా గాజులు. నేను కట్టినవే. పోయిన చిన్న సైజు గాజులన్నీ.

దొరికినవ్ అనుకున్న. గాజులు దాసుకున్నది ఇదే కదా. గాజుల మనిషిని, గాజులు నాకు అబద్ధం చెప్తయా? ఎడమ చెయ్యి విదిలిచ్చిన. అది వదలలేదు, గాజులు నా వేళ్లకు కోసుకుపోయినయ్. ఇంకోసారి గట్టిగ విదిలిచ్చిన.

"అమ్మీ... నేనే," అన్నది. ఏడవలేదు. లొల్లి చెయ్యలేదు. మెల్లగ వదిలేసింది.

బోసి చెయ్యి పట్టుకొని బయటికి ఉరికిన. అరుగు మీద దీపం వెలుతురుల చూస్తె హిబానే. అదే మొఖం, అవే రెండు జడలు, ముందు పన్ను ఊడిన అదే నోరు. గట్టిగ కరుచుకొని ఏడ్చిన. వైకుంఠం కాక దీపం పట్టుకొని చూస్తున్నడు, దగ్గరికి మాత్రం వస్తలేడు.

"లోపల ఇంకోటి ఉండెనా?" అని అడిగిండు.

"ఉండె కాకా. విదిలిచ్చుకొని వచ్చిన. గాజులేసుకున్నది, దాన్ని..."

ఆయన దీపం కింద పెట్టి మట్టిల కూలబడ్డడు.

"లోపలుండే ఆ పిల్ల గాజులు ఏసుకోదు బిడ్డా. తనకు నచ్చినోళ్లకు తొడిగి తన దగ్గర ఉంచుకుంటది. మా బాపు కాలం నుంచి గిట్లనే. దాని చేతికి గాజు దొరకద్దనే తీసి పొమ్మంటం."

మళ్ళ లోపలికి ఉరికిన. కాక, నేను, టార్చి పట్టుకొని తెల్లారేదాకా ప్రతి కడీ వెతికినం. ఆ చిన్న గాజులు లేవు, ఎవరూ లేరు. పొద్దున యూనుస్ వచ్చి, నిద్రపోతున్న హిబాను ముద్దు పెట్టుకొని, నాకు పిచ్చి లేసిందన్నడు. నేనేం చెప్పాలె? ఏ పోలీసు దగ్గరికి పోవాలె? పిల్ల ఒళ్ళో ఉండంగ పిల్ల పోయిందని ఎట్ల రాసియ్యాలె?

ఏడాది గడిచింది. నేను తెచ్చుకున్న ఆ పిల్ల తింటది, బడికి పోతది, ఖురాన్ సూరాలు తప్పు లేకుండ చదువుతది. నన్ను గట్టిగ పట్టుకొని పండుకుంటది. నేను కూడా పట్టుకుంట, ఏం చెయ్యాలె, ఒకవేళ అదే నా బిడ్డైతే? ఆలోచించి ఆలోచించి నా తలకాయ పాడైంది. అక్టోబర్ల తోట కత్తిరించినప్పుడు ఒక్కదాన్నే పోయిన. ఆకు లేదు, పందిరి కింద అంతా ఎండ. పేరు పెట్టి పిలిచిన, గొంతు పోయేదాకా పిలిచిన. ఒక్క చప్పుడు లేదు. మట్టిల కూసొని ఏడ్చి ఏడ్చి ఆఖరి బస్సుకు వాపస్ వచ్చిన.

ఈ ఏడు యూనుస్ ఒక్కడే, పది రోజుల కింద, తోటకు పోయిండు. వైకుంఠం కాక పని మానేసిండంట. నిన్న పగలు ఒంటి గంటకు యూనుస్ ఫోన్ చేసిండు.

"పాపను ఎవరితోని పంపినవే? పందిరి కాడ ఒక్కతే నిలబడ్డది. ఏమీ మాట్లాడ్తలేదు, అమ్మీ దగ్గరికి పోదామంటున్నది, అంతే. పది రోజులల్ల గింత పొడుగు ఎట్లైంది?"

నా ఎదురుంగ పిల్ల అన్నం తింటున్నది. ముద్ద ఆపి నన్ను చూసింది. గుండె రాయి చేసుకొని అన్న.

"తీస్కరా. ఎక్కడా ఆగకు. చెయ్యి వదలకు."

ఫోన్ పెట్టేసిన. పిల్ల ప్లేటు పక్కకు జరిపింది.

"ఆమె వస్తె నేనెక్కడ ఉండాలె అమ్మీ?"

అది వచ్చి నా పక్కన నిలబడి కొంగు పట్టుకున్నది. ఇద్దరం వీధి తలుపు కాడికి పోయి గంటన్నర అట్లనే నిలబడ్డం. గల్లీల ఆటో ఆగింది. యూనుస్ దిగిండు, వెనక సీటు మీదికి వంగి పిల్లను ఎత్తుకున్నడు, భుజం మీద తల ఆనిచ్చుకున్నడు, మెల్లగ మెట్లెక్కిండు.

ఆయన చేతులల్ల ఎవరూ లేరు.

"నిద్రపోయింది," అని గుసగుసగ అన్నడు. "పట్టుకో, లేపకు." నా కొంగు పట్టుకొని నిలబడ్డ పిల్ల దిక్కు ఒక్కసారి కూడా చూడలే. అక్కడ ఏమీ లేనట్టే పక్క నుంచి లోపలికి వచ్చి నిలబడ్డడు.

ఆయన చూసే పిల్ల నాకు కనిపిస్తలేదు, నా పక్కనున్న పిల్ల ఆయనకు కనిపిస్తలేదు. అయినా రెండు చేతులు చాపిన. చేతులల్ల బరువు పడ్డది. వెచ్చగ ఉన్నది. మెడ మీద ఊపిరి తగుల్తున్నది. ఊపిరి కాడికే కండ్లు పెట్టి చూసిన, గాలి తప్ప ఏమీ లేదు.

నా కొంగు వదిలేసినట్టైంది. ఆ పిల్ల పోయి, వీధి తలుపు దగ్గరేసి, మేమందరం లోపల ఉండంగనే గడియ పెట్టింది.