పన్నెండు లక్షల మాట

ఆ ఆదివారం తండ్రి రెండుసార్లు గడ్డం గీసుకున్నాడు.

మొదటిసారి తెల్లవారగానే, అలవాటు కొద్దీ. రెండోసారి, చిన్నకూతురు పది గంటలకు వస్తున్నానని ఫోను చేశాక. వంటింటి గుమ్మంలోంచి అది చూసి పెద్దకూతురు మూతి తిప్పుకుంది. రోజూ కంచం ముందు పెట్టేది తను. కళ్ళలో చుక్కలు వేసేది తను. కళ్ళజోడు ఎక్కడ పెట్టి మరిచాడో వెతికిచ్చేది తను. తన కోసం ఆయన కనీసం చొక్కా మార్చిన పాపాన పోలేదు.

"ఇంకా గీస్తే తోలు లేచొస్తుంది నాన్నా," అంది.

"చెంప దగ్గర గరుగ్గా తగులుతోందే," అన్నాడాయన అమాయకంగా.

ఇంటి ముందు రేకుల షెడ్డులో కారు ఉంది. నల్లగా, పొడుగ్గా, సగం వీధి తనదే అన్నట్టు నిలబడి ఉంటుంది. ఆయన నలభై ఏళ్ళు ఒకే ఇంట్లో డ్రైవరుగా పనిచేశాడు. ఆ ఇంటి యజమానురాలు మిల్లు అమ్మేసి వెళ్ళిపోతూ, చివరి జీతంతో పాటు ఈ కారు తాళాలు కూడా ఆయన చేతిలో పెట్టింది. అప్పటికే అది ఏడేళ్ళ బండి. ఆ తరువాత మరో ఏడేళ్ళు పెళ్ళిళ్ళకు కిరాయికి తిప్పాడు. ఈ మధ్య చూపు మసకబారింది. లైసెన్సు మళ్ళీ ఇవ్వడం కుదరదన్నారు. "ఇక నా వల్ల కాదు. మీ ఇద్దరిలో ఎవరో ఒకరు తీసుకోండి, రెండోవాళ్ళకి సగం డబ్బివ్వండి," అని ఇద్దరు కూతుళ్ళకీ చెప్పేశాడు.

పెద్దదానికి కారు అక్కర్లేదు. డబ్బు కావాలి. ఆమె ఆడవాళ్ళకు డ్రైవింగు నేర్పుతుంది. వీధిలో అందరూ మాస్టారమ్మ అంటారు. నేర్పేవాళ్ళ వైపు కూడా బ్రేకు ఉన్న బుల్లి కారు ఒకటుంది. దానికి తొమ్మిదేళ్ళు నిండాయి. ఎత్తు ఎక్కాలంటే మూలుగుతుంది. అలాంటిది ఇంకొకటి కొనగలిగితే, తన దగ్గర నేర్చుకున్న పిల్లనే ఒకదాన్ని పనిలో పెట్టుకోవచ్చని ఆమె ఆశ.

ఆమె భర్త లారీల మెకానిక్కు. మూడు వారాల క్రితం ఈ కారు కింద దూరి చూసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చాడు.

"పైన పటారం, లోన లొటారం. ఎడమవైపు ముందు చక్రం మీద బండి బరువు మోసే గాలితిత్తి కారుతోంది. రాత్రి నిలబెడితే తెల్లారేసరికి కుంగిపోతుంది. ఇంజను వేస్తే గాలి నిండి మళ్ళీ లేస్తుంది. బాగుంటే ఏడు లక్షలు చేసేది. రిపేరుకు రెండు పోతాయి. ఐదుకు మించి ఎవడూ ఇవ్వడు. మీ చెల్లెలితో ఈ మాట చెప్పు."

"చెప్తాలెండి," అంది ఆమె. మూడు వారాలు గడిచాయి. చెప్పలేదు.

తొమ్మిదీ ముప్పావుకు షెడ్డులోకి వెళ్ళి ఇంజను వేసింది. ఎడమవైపు వాలి ఉన్న కారు, నిద్ర లేస్తున్న గేదెలా మెల్లగా పైకి లేచి సమంగా నిలబడింది. తల తిప్పితే తండ్రి గుడ్డ పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు.

"ఇప్పుడెందుకే?"

"చాలా రోజులైంది కదా, కాస్త వేడెక్కనీ అని."

ఆయన షెడ్డులోకి వచ్చాడు. బానెట్టు తుడవడం మొదలుపెట్టాడు.

చిన్నకూతురు టాక్సీలో దిగింది. ఆమె పళ్ళ డాక్టరు. సొంతంగా బండి నడుపుకునే ఖర్మ ఆమెకెందుకు అనుకుంది పెద్దది. చెల్లెలి కాళ్ళకు మెత్తటి తోలు చెప్పులు. చేతులు పాలల్లో నానబెట్టినట్టు ఉన్నాయి. పెద్దది తన అరచేయి చీర కుచ్చిళ్ళకు రాసుకుంది. స్టీరింగు పట్టీ పట్టీ కాయలు కాసిన చేయి అది.

"కళ్ళు ఎలా ఉన్నాయి నాన్నా? చుక్కలు వేశాక ఐదు నిమిషాలు మూసుకునే ఉండాలి, తెలుసా?"

"ఐదు నిమిషాలా? ఉండు, రాసుకుంటా," అని ఆయన కాగితం వెతికాడు.

పెద్దది టీ గిన్నె పొయ్యి మీద ఠప్పున పెట్టింది. ఈ ఐదు నిమిషాల మాట తను ఆర్నెల్ల నుంచి మొత్తుకుంటోంది.

"గిన్నె ఏం పాపం చేసింది మాస్టారమ్మా?" అన్నాడు భర్త, గొంతు తగ్గించి.

"మీరు నోరు మూసుకోండి."

"మూసుకుంటా. నువ్వు మాత్రం ఆ గాలితిత్తి గురించి నోరు తెరువు."

ఆమె వినబడనట్టు కప్పులు కడిగింది. కిటికీలోంచి షెడ్డు కనబడుతోంది. చెల్లెలు కారెక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి కళ్ళు మూసుకుంది. చాలాసేపు అలాగే ఉంది. ఎంత మురిసిపోతోందో అనుకుంది పెద్దది. మొగుడికి కారుంది, తనకి క్లినిక్కుంది, మేడ ఉంది. అయినా ఇది కూడా కావాలి. కావాలి కాబట్టే ఎంత చెప్పినా కొంటుంది. ఆ ఆలోచన రాగానే గుండెల్లో మంట మీద ఎవరో చల్లటి నీళ్ళు చిలకరించినట్టయింది.

ఆ ఇంట్లో బేరానికి ఒక పద్ధతుంది. పిల్లలు చిన్నప్పుడు తండ్రి యజమానురాలి ఇంటి నుంచి ఒక్కటంటే ఒక్క కేకు ముక్క తెచ్చేవాడు. కోసేది పెద్దది, ముందు ఎంచుకునేది చిన్నది. అందుకని పెద్దది స్కేలు పెట్టి కొలిచి మరీ కోసేది. తల్లి పోయాక ఆమె వస్తువులు కూడా అలాగే పంచుకున్నారు, ఒక్క మాట తేడా రాకుండా. ఇప్పుడు కారుకూ అదే. ధర పెద్దది చెప్పాలి. ఆ ధరకు కారు తను తీసుకుంటుందో, అక్కకు వదిలేస్తుందో చిన్నది తేల్చాలి. తీసుకున్నవాళ్ళు రెండోవాళ్ళకు సగం ఇవ్వాలి.

నలుగురూ టీ కప్పులతో కూర్చున్నారు.

"చెప్పవే పెద్దదానా," అన్నాడు తండ్రి.

"పన్నెండు లక్షలు."

భర్తకు టీ గొంతుకు అడ్డం పడింది. దగ్గుతూ భార్య వంక చూశాడు. ఆమె గోడ వంక చూస్తోంది.

"అంత అవుతుందా అక్కా?" అంది చిన్నది నెమ్మదిగా.

"ఎందుకవదు? అసలు తోలు సీట్లు. నాన్న చేతి బండి. గీత పడనిచ్చాడా ఏనాడైనా? కావాలంటే బయట కనుక్కో."

"బావగారూ, మీరేమంటారు?"

"నాదేముందమ్మా, నేను లారీల వాణ్ణి," అని ఆయన కప్పులోకి చూస్తూ ఉండిపోయాడు.

చిన్నది షెడ్డు వైపు తిరిగింది. చేతిలోని రుమాలును నాలుగు మడతలు చేసి, మళ్ళీ విప్పింది.

"అయితే నువ్వే తీసుకో అక్కా," అంది.

పెద్దదానికి ఒళ్ళంతా చెమట పట్టింది. కారు తను తీసుకోవడమంటే చెల్లెలికి ఆరు లక్షలు ఇవ్వాలి. ఐదు చేసే బండికి ఆరు. ఆరు కాదు గదా, అరవై వేలు కూడా చేతిలో లేవు. తాను తవ్విన గోతిలో తానే పడింది. ఒప్పుకోలేక, కోపం తెచ్చుకుంది.

"నా దగ్గర అంత లేదని తెలిసే అన్నావు కదూ? అందరి ముందూ నా లేమి బయట పెట్టాలని."

"డబ్బు నాకొద్దు. ఊరికే ఉంచుకో."

"ఆహా. దానం చేస్తున్నావా? నీ పాత చీరలిచ్చినట్టు ఇదీ పడేస్తున్నావా? నీకేం తల్లీ, నువ్వు చదువుకున్నదానివి. ఫీజు కట్టాల్సి వస్తే నాన్న ఇద్దరిలో నిన్నే చూశాడు. నీకు పుస్తకాలిచ్చాడు, నాకు కారు తుడిచే గుడ్డముక్క ఇచ్చాడు."

"ఊరుకోవే," అన్నాడు తండ్రి.

"ఎందుకూరుకోవాలి? ఇది ఇంట్లో అడుగు పెడుతుందంటే రెండుసార్లు గడ్డం గీస్తారు మీరు. నేను రోజంతా ఇంట్లోనే ఉంటాను గదా, నా మొహం మీకు కనబడదు."

చిన్నది లేచి నిలబడింది.

"గుడ్డముక్క ఇచ్చాడా? తెల్లవారుజామున ఐదింటికి మీ ఇద్దరూ బకెట్టు పట్టుకుని కారు కడగడానికి వెళ్ళేవాళ్ళు. నేను కిటికీ దగ్గర పుస్తకం ముందేసుకుని కూర్చునేదాన్ని. నువ్వు నీళ్ళు చల్లితే నాన్న నవ్వేవాడు. ఆ నవ్వు ఇంట్లో ఎప్పుడైనా విన్నామా? నేనూ వస్తానంటే, నీకు పరీక్షలున్నాయి లోపలికి పో అనేవాడు. నాకు పరీక్షలు, నీకు నాన్న. నీకు పద్నాలుగేళ్ళకే స్టీరింగు పట్టించాడు. నాకిప్పటికీ బండి నడపడం రాదు. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. ఎందుకో నీకు తెలుసా?"

పెద్దది చేతిలోని కప్పు కింద పెట్టింది.

"ఎంత చెప్పినా కొంటానని మా ఆయనతో చెప్పి వచ్చాను. పదిహేనన్నా కొనేదాన్ని."

"మరి ఎందుకు వద్దన్నావే?"

"నువ్వు పన్నెండు అన్నావు కాబట్టి. నా అక్క స్కేలు పెట్టి కోసే మనిషి. అంత విలువ కట్టిందంటే దాని మీద అంత ప్రాణం పెట్టుకుందన్నమాట అనుకున్నా. నీ ప్రాణాన్ని నేనెలా పట్టుకుపోతాను?"

చెంప మీద కొట్టినా ఆ మాటంత తగిలేది కాదు. పెద్దది కుర్చీ అంచు గట్టిగా పట్టుకుంది. చెల్లెలి మొహంలో వెటకారం కోసం వెతికింది. లేదు. ఇన్నేళ్ళూ ఆ మొహంలో వెతికినవేవీ అక్కడ లేవేమో అనిపించింది.

"అది ఐదు కూడా కష్టమే," అంది చివరికి. "ఎడమవైపు కుంగిపోతోంది. నువ్వు వచ్చేముందు ఇంజను వేసి లేపి నిలబెట్టాను. మీ బావ చెప్పమన్నారు. నేనే దాచాను."

"ఎందుకక్కా?"

"నీ కడుపు నిండిందని, నాది కాలింది. అంతే. వేరే కారణం లేదు."

చిన్నది బాధ పడింది. అది దాచుకోనూ లేదు. కిటికీ దగ్గరికి వెళ్ళి వీపు తిప్పి నిలబడింది. కళ్ళు తుడుచుకోవడం వెనక నుంచి తెలుస్తోంది. తండ్రి తన చేతికర్ర అందుకుని, మళ్ళీ పక్కన పెట్టాడు.

"కుంగుతోందని నాకూ తెలుసమ్మా," అన్నాడు. "ఆ బండి తుమ్మినా నాకు తెలుస్తుంది. పొద్దున నేనే అందామనుకున్నా. అక్కాచెల్లెళ్ళ బేరంలో నేను వేలు పెడితే ఎవరో ఒకరి పక్షం అయిపోతానని భయపడ్డా. ఎప్పుడూ అదే భయం నాకు. దాని వైపు నవ్వితే నువ్వు ముడుచుకుంటావు, నీ వైపు నవ్వితే అది ముడుచుకుంటుంది. అందుకే ఇంట్లో నవ్వడమే మానేశాను."

పెద్దది లేచి చెల్లెలి వెనక నిలబడింది. భుజం మీద చెయ్యి వెయ్యాలనుకుని, తన కాయలు కాసిన అరచేయి చూసుకుని ఆగింది. చిన్నది తిరగకుండానే ఆ చెయ్యి అందుకుని తన భుజం మీదికి లాక్కుంది.

"ఇప్పుడు సరిగ్గా కోసి చెప్పు," అంది.

"ఐదు. రిపేరు మీ బావ చేస్తే ఇంకో యాభై వేలు మిగలొచ్చు. అది నీకే."

"మరదలి బండికి కూలీ కూడా ఇప్పించరా ఈ ఇంట్లో?" అన్నాడు భర్త. ఎవరూ నవ్వకపోయినా గాలి కాస్త తేలికపడింది.

"ఐదుకు నేను తీసుకుంటాను," అంది చిన్నది. "కానీ ఇంటికెలా తీసుకుపోను? నాకు రాదు కదా."

రెండున్నరతో రెండో కారు రాదు. పాత కారుకు కొత్త క్లచ్చు, నాలుగు టైర్లు వస్తాయి. అదంతా తరువాత చూసుకోవచ్చనుకుని, పెద్దది తాళాలు తీసింది.

"రా. చెప్పులు విప్పి కూర్చో, ఆ మెత్తటి చెప్పులతో కాలికి పెడలు ఆనదు."

ఈ కారులో నేర్పేవాళ్ళ వైపు బ్రేకు లేదు. అయినా చెల్లెలు కాలు కదిపినప్పుడల్లా మాస్టారమ్మ కుడికాలు నేల మీది చాపను గట్టిగా తొక్కుతోంది. కారు అంగుళం అంగుళం షెడ్డులోంచి బయటికి వచ్చింది.

"నాన్నా, మీరూ ఎక్కండి," అని పిలిచింది చిన్నది.

ఆయన వచ్చి ముందు తలుపు దగ్గర నిలబడ్డాడు. రెండు ముందు సీట్లలోనూ కూతుళ్ళే ఉన్నారు. తటపటాయించి, వెనక తలుపు తీసి, సీటు అంచున కూర్చున్నాడు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. చేతులు మోకాళ్ళ మీద పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాడు. పద్నాలుగేళ్ళ నుంచి అద్దంలో చూస్తూ వచ్చిన సీటు అది. అందులో కూర్చోవడం అదే మొదటిసారి.

"కాస్త వెనక్కి వాలండి నాన్నా," అంది పెద్దది.

ఆయన వాలాడు. చిన్నది అద్దంలో ఆయన్ని చూస్తూ అడిగింది.

"ఎక్కడికి పోనివ్వమంటారు?"

నలభై ఏళ్ళు రోజూ ఆయన వెనక సీటు వైపు తిరిగి అడిగిన ప్రశ్న అది. తనను అడిగినవాళ్ళు లేరు. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి. మసకబారిన కళ్ళలోంచి నీళ్ళు, రెండుసార్లు గీసుకున్న చెంపల మీదికి జారాయి.

"ఎక్కడికైనా సరే," అన్నాడు. "నెమ్మదిగా పోనివ్వండి. ఇద్దరూ."