నైట్రోజన్ నిండుకుంది

"టార్గెట్ ఇదీ," అంటూ చీఫ్ టేబుల్ మీద ఫొటో పడేశాడు. చొక్కా గుండీ అంత కూడా లేని రాగి జల్లెడ.

"దీన్ని గ్రిడ్ అంటారు. దీనిమీది మంచు పొరలో ఒక వైరస్ ఉంది. కణానికి కన్నం వేస్తుండగా గడ్డకట్టించి పట్టుకున్నారు. ఆ క్షణం చిక్కింది ఈ ఒక్క గ్రిడ్‌లోనే. చిన్న మైక్రోస్కోప్‌లో తొంగి చూశారంతే, పెద్దదాంట్లో పెట్టి ఫొటోలు ఇంకా తీయనే లేదు. ఇవాళ మధ్యాహ్నం విదేశీ ముఠా మన ల్యాబ్‌లోంచి ఎత్తుకుపోతుంది."

"లోపలి మనిషి?"

"డబుల్ ఏజెంట్. గొప్ప అందగత్తెట. కోడ్ వర్డ్, 'నైట్రోజన్ నిండుకుంది'."

ఎదురుగా కూర్చున్న మన ఏజెంటు ఆ కోడ్ వర్డ్ దగ్గర ఆగాడు. అయిపోయిందనకూడదు, నిండుకుందనాలని ఉప్పు డబ్బా దగ్గర అమ్మ నేర్పిన మాట అది. పైగా అక్క పదకొండేళ్లుగా ఆ ల్యాబ్‌లోనే పనిచేస్తోంది. కానీ అక్కని అందగత్తె అన్నవాడు ఇంతవరకూ పుట్టలేదు. ఆ ధైర్యంతోనే బయల్దేరాడు.

సర్వీస్ ఇంజినీర్ వేషం. అతికించిన గడ్డం, దానిమీద మాస్క్, ఫోన్ మాటలు పసిగట్టే పానా. రెండు నిలువుల ఎత్తు మైక్రోస్కోప్ పక్కన కూర్చుని, ఏ రోగమూ లేని స్క్రూలు రెండు గంటలసేపు బిగించాడు. గోళ్లకి రంగేసుకున్న రిసెప్షనిస్టు మీద ఓ కన్నేసి ఉంచాడు.

మూడింటికి పానాలోంచి చెవిలో మాట పడింది. "నైట్రోజన్ నిండుకుంది. వచ్చి తీసుకెళ్లండి."

శాంపిళ్లని గడ్డకట్టించి ఉంచే నైట్రోజన్ ట్యాంక్ మీటర్ చూశాడు. ఫుల్లుగా ఉంది. గొంతు ఎవరిదో ఆలోచించాల్సిన పని లేకపోయింది.

పక్కగదిలో అక్క స్టీలు పెట్టె మూత తీసి, పొగలు కక్కే నైట్రోజన్‌లోంచి గ్రిడ్‌ని పట్టకారుతో పైకి తీస్తోంది. బయట లిఫ్ట్ ఆగిన చప్పుడు. జేబులో పిస్టల్ ఉంది. చెయ్యి దానిమీదికి పోలేదు. గోడమీద బోర్డు కనబడింది: 'మాస్క్ తీయరాదు. ఊపిరి తగిలితే శాంపిల్ మీద మంచు పేరుకుని పాడైపోతుంది.'

మాస్క్ కిందికి లాగి, పెట్టెమీదికి వంగాడు.

"అక్కా!" అన్నాడు, ఛాతీలో ఉన్న గాలంతా వదిలేస్తూ.

గ్రిడ్ తెల్లబడింది. అక్క ముందు దాన్ని చూసింది, తర్వాత తమ్ముణ్ణి చూసింది.

"ఎంత పని చేశావురా!"

"పరాయివాళ్లకి ఇచ్చేస్తావా?"

"వాళ్లు మందు చేస్తామన్నారు. మీవాళ్లేమడిగారో తెలుసా? ఆ కన్నం ఇంకా పెద్దది చేసి వైరస్‌ని ఆయుధంగా వాడొచ్చా అని. మూడుసార్లు అడిగారు. ఏటా ఎంతమంది పిల్లల్ని పొట్టన పెట్టుకుంటోందిరా అది!"

ముఠావాణ్ణి లిఫ్ట్ దగ్గరే గార్డులు పట్టేశారు. అక్క రెండు చేతులూ చాపింది. బేడీలు తనే వేయాల్సి వచ్చింది. ఇన్నేళ్ల సర్వీసులో ఏ శత్రువు మీదా రానంత అసహ్యం తనమీద తనకే వేసింది.

"ఆ గడ్డం తీసెయ్. చూడలేకపోతున్నా," అంది అక్క.

సాయంత్రం చీఫ్ ఫోన్ చేశాడు. "శభాష్! శాంపిల్ తెచ్చెయ్. పైవాళ్లు కాచుక్కూర్చున్నారు."

"పోయింది సర్."

అవతల కాగితాలు తిరగేసిన చప్పుడైంది.

"సర్లే. శత్రువు చేతికి చిక్కలేదని రిపోర్ట్ రాసేద్దాం."

"రాయండి సర్. మందు చేసేవాళ్ల చేతికీ చిక్కలేదు. అది కూడా రాయండి."