ఆరిపోవలసిన మంట

ఆమె వచ్చేసరికి డిటెక్టివ్ ఇంకా మొదటి కాఫీ కూడా తాగలేదు. వెంట వాళ్ల అన్నయ్య ఉన్నాడు. కుర్చీ చూపించినా ఆమె కూర్చోలేదు.

"మా ఆయన్ని వెతికిపెట్టండి సార్. రేపు ఆడిటర్లు వస్తారట. తప్పంతా ఆయనదేనని రాసుకుని వెళ్లిపోతే, ఇక ఎవరూ వెతకరు." ఏడ్చి ఏడ్చి ఆమె గొంతు బొంగురుపోయింది.

మిగతాది అన్నయ్య చెప్పాడు. ఆమె భర్త పెద్ద మాంసం ఫ్యాక్టరీలో పర్యావరణ అధికారి. తను అక్కడే బాయిలర్ ఆపరేటరు, ఆ ఉద్యోగం బావ వేయించిందే. జంతువుల్ని కోసిన నెత్తుటి నీళ్లన్నీ వెనకున్న గుంటలోకి పోతాయి. అవి కుళ్లి లేచే గ్యాస్ భూమిని మామూలు పొగకంటే ఎక్కువ వేడెక్కిస్తుంది. అందుకని గుంటకు నల్లటి షీటు కప్పి, గ్యాస్‌ను గొట్టంలోంచి పైకి పంపి మండిస్తారు. ఈ ఏడాదికల్లా ఉద్గారాలు సగానికి తగ్గిస్తామని కంపెనీ మాట ఇచ్చింది. ఆ మాట చూసే బ్యాంకు అప్పిచ్చింది, అది నిలబెట్టుకున్నారో లేదో చూడ్డానికే రేపు ఆడిటర్లు వస్తున్నారు. మొన్న సాయంత్రం ఎవరో షీటును నిలువునా కోసేశారు. అప్పటినుంచి బావ జాడ లేదు. బూట్లు మాత్రం వెనక గోడ అవతల తనకు దొరికాయి. బావే కోసి పారిపోయాడని మేనేజరు కేసు పెట్టాడు.

ఆమె సంచీలోంచి బూట్లు తీసింది. లేసులు పూర్తిగా విప్పి ఉన్నాయి. సాక్సులు ఉండ చుట్టి లోపల పెట్టి ఉన్నాయి.

"షీటు ఎక్కేముందు ఇలాగే పెడతారు," అందామె. "బూట్లతో తొక్కితే చిరుగుతుందని ఎవరినీ ఎక్కనివ్వరు. ఇంట్లో కూడా అదే గోల."

డిటెక్టివ్ పక్క టేబుల్ దగ్గరున్న తన అసిస్టెంటు వైపు చూశాడు. ఆవిడ చాలా ఏళ్లు నర్సుగా చేసి వచ్చిన మనిషి. డాక్టర్లకంటే ఈయన మాటే ఎక్కువ నమ్ముతుంది. వెంటనే గొడుగు తీసుకుని లేచింది.

ఫ్యాక్టరీ గేటు మీద 'పచ్చని రేపటికి మా హామీ' అని కొత్త రంగుతో రాసి ఉంది. ఆ హామీ కిందనుంచి నడుస్తుంటేనే కుళ్లు కంపు ముక్కుకు కొట్టింది. మేనేజరు ఒంటిమీద సెంటు ఆ కంపుతో పోటీపడి ఓడిపోతోంది.

"మొన్న సాయంత్రం దాకా షీటు బెలూన్‌లా ఉబ్బి ఉండేదండీ. ఒక్క మనిషి మా కష్టమంతా మట్టిపాలు చేశాడు," అన్నాడతను.

షీటు ఇప్పుడు ముడతలు పడి గుంటమీద వాలిపోయి ఉంది. ముడతల్లో నిలిచిన నీళ్లలో పాచి. అసిస్టెంటు ఒడ్డునుంచే గొడుగు కొనతో గీకితే పచ్చగా, దళసరిగా లేచింది. డిటెక్టివ్ మాత్రం తలెత్తి గొట్టం చివర నిదానంగా వెలుగుతున్న మంటను చూస్తున్నాడు. అది ఎవరు చూసుకుంటారని అడిగాడు.

"నేనేనండీ. ప్రతి షిఫ్టులోనూ చూస్తాను," అన్నాడు అన్నయ్య.

మధ్యాహ్నానికి ఇన్‌స్పెక్టరుతో సహా అందరూ బాయిలర్ గదిలో పోగయ్యారు. కబురు పెట్టించింది డిటెక్టివే. ఆమె బూట్లున్న సంచీ పట్టుకుని గోడకు ఆనుకుని నిలబడింది.

"ఉబ్బిన షీటు మీద నీళ్లు నిలవవు," అని మొదలుపెట్టాడు డిటెక్టివ్. "ఆ పాచి రెండు రోజుల్లో పట్టింది కాదు. నెలల తరబడి షీటు అలాగే పడి ఉంది. అతుకులు ఊడి, గ్యాస్ ఎప్పటినుంచో గాలిలో కలిసిపోతోంది. బాగుచెయ్యాలంటే ఫ్యాక్టరీ ఆపాలి. మేనేజరుగారికి అది ఇష్టం లేదు. ఆడిటర్లు వచ్చేలోగా షీటు కోయిస్తే, నేరం ఇంకొకరి మీదికి పోతుంది."

మేనేజరు ఏదో అనబోయాడు. డిటెక్టివ్ మూలనున్న టార్పాలిన్ లాగాడు. కింద గ్యాస్ సిలిండర్లు, వాటినుంచి బయటి గొట్టంలోకి పోయే పైపు ఉన్నాయి. ఒకదాని వాల్వు తిప్పి మూసేశాడు. కిటికీ బయట, గొట్టం చివర మంట రెపరెపలాడి ఆరిపోయింది.

"షీటు కోసినరోజే ఆరిపోవలసిన మంట ఇది," అన్నాడు డిటెక్టివ్, అన్నయ్య వైపు తిరిగి. "అలవాటు మనిషిని పట్టిస్తుందయ్యా. అబద్ధం బయటపడకుండా షీటు కోశావు. పాత అబద్ధానికి మాత్రం రోజూ సిలిండరు మారుస్తూనే ఉన్నావు."

అన్నయ్య ఒక అడుగు వెనక్కి వేశాడు.

"పారిపోయేవాడు సాక్సులు ఉండ చుట్టి పెట్టి, వట్టికాళ్లతో గోడ అవతలి గులకరాళ్ల మీద పరిగెత్తడు. ఆయన షీటు ఎక్కాడు, మళ్లీ దిగలేదు. ఒడ్డునున్న బూట్లు గోడ దాటించి, నీకే దొరికినట్టు చెప్పావు."

"కోయమన్నది మేనేజరే," అన్నాడు అన్నయ్య, ఎవరి ముఖమూ చూడకుండా. "లేకపోతే అప్పు పోతుంది, అందరూ రోడ్డున పడతారన్నాడు. ఆడిటర్లకు నిజం చెప్పేస్తానని బావ అప్పటికే పట్టుబట్టి ఉన్నాడు. నేను కోస్తుంటే అవతలి చివర అతుకులు చూస్తున్నాడు. వద్దురా అంటూ పరిగెత్తుకొచ్చాడు. కోసినచోట కాలు పడింది."

"చెయ్యి అందించావా అన్నయ్యా?" అందామె.

"కేకేస్తే అందరూ వస్తారని భయమేసింది."

ఆమె పట్టుకోబోయిన అసిస్టెంటు చెయ్యి తప్పించుకుని, అందరికంటే ముందు గుంట దగ్గరికి నడిచింది. ఇన్‌స్పెక్టరు నడుముకు తాడు కట్టించుకుని షీటు మీద కాలు పెట్టబోయాడు.

"బూట్లు విప్పండి సార్," అందామె. "ఆయన ఊరుకోరు."

ఇన్‌స్పెక్టరు ఆమె ముఖం చూసి, వంగి లేసులు విప్పుకున్నాడు.