గోడ పక్కన కంచం

లోపల మగ్గం చప్పుడు ఆగింది. ఆగిందంటే ఆ ఇంట్లో భోజనాల వేళ అయిందన్నమాట.

ఆరో తరగతి చదివే చౌడేశ్వరిని ఇంట్లో అందరూ ఈశ్వరి అంటారు. ఆ రోజు రెండో శనివారం, బడికి సెలవు. ఈశ్వరి, ఆమె స్నేహితురాలు సుజన నేలమీద చార్టు పరుచుకుని సూర్యుడినీ గ్రహాలనీ గీస్తున్నారు. గురుగ్రహం దాకా వచ్చేసరికి ఇద్దరి కడుపుల్లో ఎలుకలు పరుగెత్తాయి. శనిగ్రహానికి వలయం గీయడం తిన్నాక చూసుకుందాం అనుకున్నారు.

ఈశ్వరి వాళ్ల అవ్వ ఉరుకుందమ్మ ఇద్దరికీ జొన్నరొట్టె, వంకాయ కూర వడ్డించింది. సుజన అడగకుండానే ఇంకో రొట్టె వేసి, పక్కన బెల్లం ముక్క పెట్టింది. శానా బక్కగా ఉండావు, ఇంకా తిను పాపా అంది. సుజన సిగ్గుపడుతూనే బెల్లం మొత్తం తినేసింది.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. ఎవరి కంచం వాళ్లే కడుక్కోవాలి. అమ్మ పొద్దంతా రాట్నం ముందు కూర్చుని మగ్గానికి నూలు కండెలు చుడుతుంది. ఊరికూరికే చేతులు తడుపుకుంటే నూలు పట్టుకోవడం కుదరదు. అందుకని నాన్న కాశన్న కూడా తిన్న కంచం తానే కడుక్కుంటాడు. ఆ వీధిలో మిగతా మగవాళ్లు కంచంలోనే చేయి కడిగి లేచిపోతారు. మా నాన్న అలా కాదని ఈశ్వరి బడిలో గొప్పలు చెప్పుకునేది. ఆ గొప్పలో తప్పేమీ లేదు. తప్పు ఎక్కడ జరిగిందో చెబుతాను.

సుజన వాళ్ల ఇంట్లో తీరు వేరు. అక్కడ ఈశ్వరి ఎప్పుడు తిన్నా, సుజన వాళ్ల అవ్వ విశ్వాసమ్మ కంచం చేతిలోంచి లాక్కునేది. నేనే కడుక్కుంటానని ఈశ్వరి మొండికేసినా వినేది కాదు. ఆ అవ్వకి కాస్త చాదస్తమని ఈశ్వరి అనుకునేది.

ఆ శనివారం ఈశ్వరి గబగబా తన కంచం కడిగేసి లోపల స్టాండులో పెట్టి వచ్చింది. సుజన ఇంకా తన కంచం పట్టుకుని పెరట్లో నిలబడే ఉంది.

"నీ కంచం నువ్వే కడుక్కోవాల సుజనా," అంది ఈశ్వరి. "కడిగి ఆ గోడ పక్కన బోర్లించు."

గోడ పక్కన అని ఎందుకు అన్నదంటే, దానికో పెద్ద కారణం లేదు. మనసంతా శనిగ్రహం మీద ఉంది. లోపలికి పోయి మళ్లీ రావడం ఆలస్యమని అలా అనేసింది. అనేసి, పసుపు స్కెచ్ పెన్ను వెతుక్కుంటూ పోయింది. అందుకే సుజన ముఖం ఎలా మారిపోయిందో ఆమె చూడలేదు.

సుజన బండ దగ్గర కూర్చుని ఆ ఒక్క కంచాన్నే చాలాసేపు తోమింది. కడిగింది. గోడ పక్కన బోర్లించింది. తర్వాత లోపలికి కూడా రాకుండా, మా అవ్వ పిలుస్తాంటాది అని చెప్పి వెళ్లిపోయింది.

సోమవారం బడిలో సుజన వేరే బెంచీలో కూర్చుంది. పిలిస్తే పలకలేదు. ఈశ్వరికి ముందు కోపం వచ్చింది. నేనేం చేశానని ఇలా మూతి ముడుచుకుంది, మాట్లాడకపోతే మానె అనుకుంది. మంగళవారం కూడా అలాగే అనుకుంది. బుధవారానికి ఆ కోపం కరిగిపోయి దిగులు మిగిలింది. పక్కన ఖాళీగా ఉన్న చోట పుస్తకాల సంచి పెట్టుకుంటే ఏడుపొచ్చింది.

గురువారం బడి వదలగానే సుజన వాళ్ల ఇంటికి వెళ్లింది. గడప మీద కూర్చుని విశ్వాసమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. ఈశ్వరిని చూడగానే సుజన లోపలికి వెళ్లిపోయింది.

"నేనేం జేసినా అవ్వా? సుజన నాతో మాట్లాడేదే లేదు," అని ఈశ్వరి ఏడ్చేసింది.

విశ్వాసమ్మ చేట పక్కన పెట్టి, ఆ పిల్లని దగ్గర కూర్చోబెట్టుకుంది. చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది.

"నీ వయసులో నేను రైతు ఇంటికాడ శెనక్కాయ పెరకను పోతాంటి," అంది చివరికి. "మధ్యాన్నం సంగటి పెడతాండ్రి. తిన్నాక మా కంచాలు మేమే కడిగి, బయట గోడ పక్కన బోర్లించాల. మా వాడ వాళ్లు ముట్టిన కంచం వాళ్ల ఇంట్లోకి పోగూడదంట. ఎండొచ్చినా వానొచ్చినా అది ఆడ్నే ఉంటాండె."

గోడ పక్కన బోర్లించు అని తాను అన్న మాట ఈశ్వరికి గుర్తొచ్చింది.

"అందుకే మా ఇంటికి ఎవరొచ్చినా నేను వాళ్లతో కంచం కడిగించను. ఎందుకని ముందే ఒకసారి సుజన అడిగితే ఇదంతా చెప్పినా. చెప్పకుంటే బాగుండె."

ఈశ్వరి కళ్లు తుడుచుకుని గబగబా చెప్పింది. మా ఇంట్లో అందరూ ఎవరిది వాళ్లే కడుక్కుంటారనీ, నాన్న కూడా అంతేననీ, సుజన అని కాదనీ చెప్పింది. విశ్వాసమ్మ తలూపింది. నమ్మినట్టే ఉంది.

అప్పుడు సుజన తలుపు దగ్గరికి వచ్చింది.

"నా కంచం లోపలికి పోయిందా ఈశ్వరీ?" అని అడిగింది.

పోయింది అనడానికి ఈశ్వరి నోరు తెరిచింది. కానీ ఆ కంచం సంగతి ఆమె మళ్లీ చూసుకోనేలేదు. చూసి వచ్చి చెబుతానని లేచింది.

దారి పొడవునా ఈశ్వరి ధైర్యం చెప్పుకుంటూనే నడిచింది. అమ్మ తీసి స్టాండులో పెట్టే ఉంటుంది. లేకపోతే అవ్వే పెట్టి ఉంటుంది, బెల్లం పెట్టిన అవ్వ కంచం పెట్టదా? రేపు సుజనకి చెప్పేస్తే అంతా సర్దుకుంటుంది.

పెరట్లోకి వెళ్లి చూసింది. కంచం గోడ పక్కనే ఉంది. బోర్లించింది బోర్లించినట్టే ఉంది. దాని మీద దుమ్ము పేరుకుంది. కోళ్లు తొక్కిన గుర్తులు కూడా ఉన్నాయి.

అవ్వ పంచలో కూర్చుని ఒత్తులు చేసుకుంటోంది. ఈ కంచం ఇంకా ఇక్కడే ఎందుకుందని ఈశ్వరి అడిగింది.

"ఈడ్నే ఉండనీలే," అంది అవ్వ. "ఆ పిల్ల మళ్లా వస్తే దాన్లోనే పెడదాం."

అవ్వ కోపంగా అనలేదు. బెల్లం పెట్టిన రోజు ఎంత మెత్తగా మాట్లాడిందో, ఇప్పుడూ అంత మెత్తగానే అంది. పంచలోనే రాట్నం తిప్పుతున్న అమ్మ వైపు ఈశ్వరి చూసింది. అమ్మ చేతిలో రాట్నం ఒక్క క్షణం ఆగింది. అమ్మ తల వంచుకుంది. తర్వాత రాట్నం మళ్లీ తిరగడం మొదలైంది.

అమ్మకి కూడా తెలుసని ఈశ్వరికి అప్పుడు అర్థమైంది. నిన్నటిదాకా గొప్పగా చెప్పుకున్న తన ఇల్లు ఇదేనా అనిపించింది. ఈశ్వరికి అంత దుఃఖం ఎప్పుడూ కలగలేదు.

కంచం తీసుకుని బండ దగ్గర కూర్చుంది. సబ్బు పెట్టి తోమింది. దుమ్ము ఎప్పుడో పోయింది. అయినా తోముతూనే ఉంది. కళ్ల నీళ్లు కంచంలో పడుతుంటే వాటినీ కలిపి తోమేసింది.

పొద్దుగూకాక అందరూ తినడానికి కూర్చున్నారు. ఈశ్వరి ఆ కంచమే తన ముందు పెట్టుకుంది. అవ్వ చూసింది.

"అది వద్దు. నీ కంచం తెచ్చుకోపో," అంది.

"నాకిదే కావాల అవ్వా."

రొట్టె పట్టుకున్న అవ్వ చేయి అలాగే ఉండిపోయింది. నాన్న ఆ కంచం వంకా, అవ్వ వంకా చూశాడు. తర్వాత బుట్టలోంచి తనే ఒక రొట్టె తీసి ఈశ్వరి కంచంలో వేశాడు. అవ్వ తన పీట కొంచెం దూరం జరుపుకుంది.

శుక్రవారం బడిలో కుళాయిల దగ్గర సుజన ఒంటరిగా కనిపించింది. కంచం లోపలికి పోయింది అని ఒక్క మాట చెబితే చాలు, సుజన నమ్మేస్తుంది. మళ్లీ పక్కన వచ్చి కూర్చుంటుంది. ఆ మాట ఈశ్వరి నాలుక చివరిదాకా వచ్చింది.

"పోలేదు సుజనా," అంది. "గోడ పక్కనే ఉండె. మా అవ్వ ఉంచింది. నేను చూసుకోలేదు, నాది తప్పు."

సుజన కళ్లలో నీళ్లు నిండాయి.

"మీ అవ్వ నాకు బెల్లం పెట్టింది గదా," అంది.

ఇద్దరూ కుళాయి గట్టు మీద పక్కపక్కన కూర్చున్నారు. గంట కొట్టినా వెంటనే లేవలేదు.

ఆదివారం చార్టు తీసుకుని ఈశ్వరే సుజన వాళ్ల ఇంటికి వెళ్లింది. శనిగ్రహానికి వలయం గీస్తూ సుజన తల ఎత్తకుండా అడిగింది, మళ్లీ మీ ఇంటికి పిలుస్తావా అని.

"ఇప్పుడే వద్దు," అంది ఈశ్వరి. "మా అవ్వ ఆ కంచం తన చేత్తో లోపల పెట్టిన రోజు పిలుస్తా."

ఆ రోజు ఎప్పుడు వస్తుందని సుజన అడగలేదు. అడిగినా ఈశ్వరికి తెలియదు.

అప్పటినుంచి ఈశ్వరి రోజూ ఆ కంచంలోనే తింటోంది. తిన్నాక శుభ్రంగా కడిగి, తడి తుడిచి, అవ్వ దగ్గరికి తీసుకెళ్తుంది. లోపల పెట్టవా అవ్వా అని చేతికి ఇవ్వబోతుంది. అవ్వ ముఖం పక్కకి తిప్పుకుంటుంది. కాసేపు చూసి ఈశ్వరే దాన్ని స్టాండులో మిగతా కంచాల మధ్య పెట్టుకుంటుంది. పెట్టి వచ్చి అవ్వ పక్కనే పడుకుంటుంది. అవ్వంటే ఆమెకి ప్రాణం మరి, అందుకే అంత బాధ.

నిన్న రాత్రి కూడా అవ్వ చేయి చాపలేదు. ఈ రాత్రి తిన్నాక ఈశ్వరి కంచం కడిగింది. తడి తుడిచి, రెండు చేతులతో పట్టుకుని, మళ్లీ అవ్వ ముందుకి వెళ్లి నిలబడింది.