పేరిందేవమ్మ పాత పడుగు

పిల్లలూ, తూనీగపురం రాజ్యానికి ఒకసారి వింత కష్టం వచ్చింది. కరువు కాదు, యుద్ధం కాదు. మూడేళ్లపాటు అక్కడ ఒక్క పెళ్లి కూడా జరగలేదు.

ఆ రాజ్యంలో పెళ్లికూతురూ పెళ్లికొడుకూ కట్టుకునే తెల్లటి మధుపర్కాలు పేరిందేవమ్మ మగ్గం మీద నేసినవే కావాలి. అది తాతల నాటి కట్టుబాటు. ఆ పేరిందేవమ్మకు రాచపుండు వచ్చింది. మీరు ఇప్పుడు క్యాన్సర్ అంటున్నారే, అదే. మగ్గం ఆగింది. ముహూర్తాలు వెనక్కి పోయాయి. ఎదురుచూసి ఎదురుచూసి పెళ్లికొడుకుల మీసాలు నెరవసాగాయి. యువరాజు సైతం తన మీసానికి చాటుగా కాటుక రాసుకునేవాడు.

ఆస్థాన వైద్యుడు గట్టివాడు. చేదు కషాయాలు తాగించాడు, నిప్పులాంటి మందులు పూశాడు. పేరిందేవమ్మ జుట్టంతా రాలిపోయింది, నాలుకకు ఉప్పూ కారం తెలియకుండా పోయింది. చివరికి వైద్యుడు చేతులు కడుక్కుని, "పుండు వేరుతో సహా పోయింది. ఇక మగ్గమెక్కు తల్లీ" అన్నాడు.

ఊరంతా డప్పులు మోగాయి. ఎదురింటి చెంగమ్మ అరిసెల పళ్లెంతో వచ్చి కూర్చుంది.

"పోయింది కదే, ఇంకా దిగులేంటి? పొద్దున్నే వేపచిగురు తిను. తూర్పుకి తిరిగి పడుకో. నవ్వుతూ ఉండు. మా ఆడపడుచు మామగారికి ఇలాగే..." అంటూ సాయంత్రం దాకా సలహాలు చెప్పింది.

పేరిందేవమ్మ తలూపింది. కానీ నవ్వలేదు. వేలికి ముల్లు గుచ్చుకున్నా, మెడ పట్టేసినా, మళ్లీ వచ్చిందేమోనని ఉలిక్కిపడేది.

ఆమె కూతురు నాంచారికి పద్నాలుగేళ్లు. అమ్మను సంతోషపెట్టాలని ఆ పిల్ల ఒక పని చేసింది. జబ్బు పడిననాడు సగంలో ఆగిన నేత ఇంకా మగ్గం మీదే ఉంది. జబ్బునాటి పడుగు, అంటే ఆ నిలువు పోగులు, కంటికి కనిపించకూడదని, దాన్ని కోసి, పోగులు దూర్చిన దువ్వెనలాంటి అచ్చుతో సహా చుట్టి ఏట్లో వదిలేసింది. మగ్గాన్ని తుడిచి ముగ్గు పెట్టింది.

పేరిందేవమ్మ వచ్చి ఖాళీ మగ్గాన్ని చూసింది.

"పాత కొసలేవే, నాంచీ?"

"పారేశానమ్మా. కొత్తది వేసుకుందాం."

"నేతగాళ్ల ఇంట పుట్టి కొసలు కోస్తావుటే? కొత్త పడుగును దేనికి అతకను?"

నిజమే మరి. నేతలో పాత పడుగు అయిపోవస్తే దాన్ని తీసేయరు. అచ్చులో ఉన్న పాత కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టి అతుకుతారు. పేరిందేవమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఆరోజు నుంచి ఆమె వేళ్లు పని మరిచిపోయాయి.

నాంచారి గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే చెంగమ్మ వచ్చి, "భయపడి ఏట్లో పారేసినవన్నీ ఉలికి అనే రాకాసి గుహకు చేరతాయంట. మా అమ్మమ్మ చెప్పేది" అంది. అన్ని సలహాల్లోనూ పనికొచ్చిన మాట అదొక్కటే. నాంచారి ఒక దుప్పటి, మూటెడు మరమరాలు తీసుకుని ఏటి వెంబడి అడవిలోకి నడిచింది.

రెండో రోజున ఏరు రెండు పాయలై, దారికి అడ్డంగా, దాటలేనంత లోతుగా మారింది. ఒడ్డున ఏనుగంత కొంగ ఒకటి కూర్చుని ఉంది. ఒంటి మీద ఒక్క ఈక లేదు.

"నన్ను చూసి చెప్పు. ఎలా ఉన్నాను?" అంది కొంగ. "చక్కగా ఉన్నావన్న వాళ్లందర్నీ నడిఏట్లో ముంచాను. నా మొహం నాకు తెలియదా?"

నాంచారి దాన్ని తేరిపార చూసింది. "ఈకలన్నీ రాలిపోయాయి. మా అమ్మ జుట్టు కూడా ఇలాగే రాలింది. చలేస్తోందా నీకు?"

కొంగ మెడ వంచింది. "ఆ మాట ఇన్నాళ్లకు నువ్వొక్కదానివే అడిగావు. చాలా చలేస్తోంది."

నాంచారి తన దుప్పటి దాని వీపు మీద కప్పింది. కొంగ ఆ దుప్పటి మీదే ఆమెను ఎక్కించుకుని ఏరు దాటించింది.

అవతలి ఒడ్డున ఒక ముని ఉన్నాడు. ఆయన చుట్టూ మనుషుల్లాంటి రాళ్లు. అన్నిటికీ నోళ్లు తెరుచుకునే ఉన్నాయి.

"వీళ్లెవరు స్వామీ?"

"నా గోడు చెబుతుంటే మధ్యలో సలహా ఇచ్చినవాళ్లు. నువ్వు వింటావా? విన్నవాళ్లకే ముందుకు దారి కనిపిస్తుంది."

ముని తన తప్పిపోయిన ఎద్దు గురించి మొదలుపెట్టాడు. దాని పుట్టుమచ్చ దగ్గర్నుంచీ చెప్పాడు. నాంచారికి ఇరవైసార్లు 'ఇంకో ఎద్దును కొనుక్కోవచ్చుగా' అని నాలుక చివరి దాకా వచ్చింది. అప్పటికే పాదాలు బరువెక్కి రాళ్లవుతున్నట్టు అనిపించి నాలుక కరుచుకుంది. చివరికి ముని కళ్లు తుడుచుకున్నాడు.

"తర్వాత ఏమైంది తాతా?" అని మాత్రం అడిగింది నాంచారి.

"తర్వాత ఏమీ లేదమ్మా. ఇదంతా ఒకరికి చెప్పుకున్నాను, అంతే. మనసు తేలికపడింది." ముని లేచి రాళ్ల మీద నీళ్లు చల్లాడు. అవి మనుషులయ్యాయి. వాళ్లు నోళ్లు మూసుకుని ఇళ్లకు పరుగెత్తారు. ఆయన కొండ వెనుక దారి చూపించాడు. "ఉలికిని చంపాలని చూడకు. చావదు. అది లేదనీ అనకు. ఇంకా పెరుగుతుంది."

గుహ ముందు ఉలికి తాటిచెట్టంత ఎత్తున నిలబడి ఉంది. పేరిందేవమ్మ పడుగును మణికట్టుకు చుట్టుకుంది. దాన్ని చూడగానే నాంచారి వెనక్కి పరుగు తీసింది. వెనుక ఉలికి కొండంతైంది. "నువ్వు లేవు, నువ్వు లేవు" అని కళ్లు మూసుకుంది. ఉలికి మబ్బుల్ని తాకింది.

అప్పుడు ముని మాట గుర్తొచ్చింది. నాంచారి ఆగి, వెనక్కి తిరిగి, మరమరాల మూట విప్పింది.

"కూర్చో అత్తా. ఎంతసేపని నిలబడతావు? నాకు భయంగానే ఉంది. అయినా కలిసి తిందాం."

ఉలికి తెల్లబోయింది. "నన్ను కూర్చోమన్నవాళ్లు ఎవరూ లేరే" అని గొణుగుతూ కూర్చుంది. గుప్పెడు తిని తాటిచెట్టంతైంది. ఇంకో గుప్పెడికి మనిషంతైంది. మూట అయ్యేసరికి పిల్లికూనంతై నాంచారి ఒళ్లోకెక్కింది. దాని చేతి నుంచి పడుగు జారిపోయింది.

"తీసుకుపో. కానీ నేనూ వస్తా. మీ అమ్మ దగ్గరికి అప్పుడప్పుడు రాకుండా ఉండలేను."

"రా. పీట వేస్తాం. మగ్గం మాత్రం ఆపం."

ఇంటికి చేరగానే నాంచారి పాత పడుగును అమ్మ ముందు పెట్టింది. "తప్పు చేశానమ్మా. నీకు జరిగిందంతా లేకుండా చేసేద్దామనుకున్నాను." నవ్వమనలేదు. పోగు జారకుండా వేళ్లకు బూడిద రాసుకుని మగ్గానికి అవతలి పక్కన కూర్చుంది.

చాలాసేపటికి పేరిందేవమ్మ లేచొచ్చి ఇవతలి పక్కన కూర్చుంది. పాత కొస ఒకటి, కొత్త పోగు ఒకటి. మెలి. మరొకటి. వెయ్యి పోగులు అతకాలి. అతుకుతూ ఆమె మాట్లాడసాగింది. అద్దం చూడలేకపోయిన రోజు గురించి, కూతురికి వినపడకుండా మూలిగిన రోజుల గురించి చెప్పింది. నాంచారి వింది. రోజుకో ఇంటివాళ్లు వచ్చి అవతలి పక్క కూర్చుని పోగులందించారు.

చివరి రోజు చెంగమ్మ వంతు వచ్చింది. సలహా చెప్పినవాళ్లు రాళ్లయిన సంగతి నాంచారి ముందే చెప్పింది. అందుకని చెంగమ్మ నోటి నిండా ఆరు తాంబూలాలు కుక్కుకుని వచ్చింది. బుగ్గలు బూరెల్లా ఉబ్బాయి. పేరిందేవమ్మ ఒక పోగును కాస్త వదులుగా మెలిపెట్టింది. చెంగమ్మ కళ్లు పెద్దవయ్యాయి. మొహం ఎర్రబడింది. సలహా లోపల కుతకుత ఉడుకుతోంది.

"ఏంటే చెంగీ, పురుడొస్తోందా?" అంది పేరిందేవమ్మ.

చెంగమ్మ ఆపుకోలేక పక్కుమంది. తాంబూలమంతా గోడ మీద పడింది. పేరిందేవమ్మ నవ్వింది. పొట్ట పట్టుకుని, కళ్లవెంట నీళ్లొచ్చేలా, వీధి చివరికి వినపడేలా నవ్వింది. పీట మీద పిల్లికూనంత ఉలికి ఒకసారి ఆవులించి పడుకుంది.

ఆ మాఘంలో తూనీగపురంలో నూట పదహారు పెళ్లిళ్లయ్యాయి. మొదటిది యువరాజుది. మధుపర్కం అందుకుంటూ రాజుగారు గుడ్డలో గరుకుగా తగిలిన అతుకు చారను చూసి, "ఇదేంటమ్మా, ఇది కత్తిరించేయకూడదా?" అన్నారు.

"అది ఉండాల్సిందే మహారాజా. నా నేత ఆగింది అక్కడే. మళ్లీ మొదలైందీ అక్కడే" అంది పేరిందేవమ్మ. ఆమె తల మీద వేలెడు కొత్త జుట్టు గాలికి నిక్కబొడుచుకుని ఉంది.

అప్పటినుంచి ఆ రాజ్యంలో పెళ్లికూతుళ్లు పీటల మీద కూర్చోగానే చీరలో ఆ చార ఎక్కడుందో వేలితో వెతుక్కుంటారు. దొరికితే ఒకసారి తడిమి, పక్కవాళ్లను చూసి నవ్వుతారు. ఆ పెళ్లిళ్లలో వడ్డించిన బూరెలు చల్లారిపోయాయి గానీ, ఆ నవ్వు మాత్రం ఇంకా వేడివేడిగానే ఉంది.