పై వరుస పిచ్చుకది కాదు

మధ్యాహ్నం మూడు గంటలు. సంగీత పాఠశాల మేడగదిలో ఎండ బల్ల దాకా వచ్చి ఆగింది. పాత పియానో, రెండు కుర్చీలు, చెక్క నేల. అంత వెలుతురులో భయపడేవాళ్లెవరు చెప్పండి! పిచ్చుకకి అప్పుడున్నది భయం కాదు, సిగ్గు. తల ఎత్తనివ్వని సిగ్గు.

పిచ్చుక అన్నది అక్క పెట్టిన ముద్దుపేరు. అక్క పోయి నాలుగు నెలలైంది. పోతూ పోతూ ఒక నోటు పుస్తకం మిగిల్చింది. దాన్నిండా మాస్టారు ఎప్పుడూ చూడని కౌంటర్‌పాయింట్ అభ్యాసాలే. అంటే మరేం లేదు, మాస్టారు ఒక స్వరాల వరుస ఇస్తారు, అది కింది వరుస. దాని మీద మనం ఇంకో వరుస కట్టాలి, స్వరానికి ఒక స్వరం చొప్పున. రెండూ కలిపి పాడితే ఇంపుగా ఉండాలి గానీ, ఒకదాని తోక పట్టుకుని ఇంకోటి నడవకూడదు. కిందిది దిగితే పైది ఎక్కడం మేలు. చివర రెండూ ఒకే స్వరం మీద ఆగాలి.

పిచ్చుకకి నియమాలన్నీ నోటికొచ్చు. వరుస కట్టడమే రాదు. వారం వారం అక్క పుస్తకంలోంచి ఎత్తి రాసి ఇచ్చేసింది. మాస్టారు మురిసిపోయి, "మీ అక్కని మించిపోయావే!" అన్నారు. ఆ మాటకి చచ్చినంత పనైంది. అయినా నోరు మెదిపిందా? లేదు. ఇప్పుడేమో పాఠాలు చెప్పే ఉద్యోగమే ఇస్తామంటున్నారు.

"ఇది ఎవరూ చూడని వరుస, నేనే రాశాను. దీని మీద కట్టావంటే ఉద్యోగం నీదే," అని కాగితం ముందు పెట్టి, మాస్టారు తలుపు దగ్గరగా వేసి వెళ్లారు.

పుస్తకంలో లేని వరుస! ఏం చేయాలో తోచక, కింది వరుసని సన్నగా కూనిరాగం తీసింది.

మొదటి స్వరం... కిటికీ దగ్గర ఇంకో గొంతు అందుకుంది.

అక్క గొంతు.

గదంతా మందుల వాసన. చివరి రోజుల్లో అక్క మంచం దగ్గర ఉండేదే. పిచ్చుక ఒక మెట్టు దిగింది. ఆ గొంతు ఒక మెట్టు ఎక్కింది. పియానో దగ్గరికొచ్చింది... ఒక్క తప్పు లేదు.

చెప్పుకోడానికే సిగ్గుచేటు! ఒళ్లు చల్లబడిపోతున్నా, పిచ్చుక చెయ్యి మాత్రం ఆ స్వరాలు రాసుకుంటూనే ఉంది. చచ్చిపోయిన మనిషిని ఇంకా దోచుకుంటూనే ఉంది.

ఇప్పుడు చెవి పక్కనే... ఊపిరి తగులుతోంది... ఇంకొక్క స్వరం. ఇద్దరూ ఒకేచోట ఆగాలి. ఆగాక ఏమవుతుందో ఏ నియమంలోనూ లేదు.

పిచ్చుక నోరు గట్టిగా మూసుకుంది. కలం విసిరేసింది.

తలుపు తోసుకుని మాస్టారు వచ్చారు.

"నావి కావు మాస్టారూ!" పిచ్చుక బావురుమంది. "ఇదీ, ఇదివరకటివీ... అన్నీ అక్కవే. నేను దొంగని. ఉద్యోగం నాకొద్దు."

చెవి పక్క ఊపిరి ఆగిపోయింది. మందుల వాసన పోయింది. హమ్మయ్య అనుకుని, ఇన్నాళ్లకి తల ఎత్తి మాస్టారి ముఖం చూసింది.

మాస్టారు తిట్టలేదు. పాలిపోయి కుర్చీలో కూలబడ్డారు.

"బయటినుంచి విన్నానమ్మా," అన్నారు గుసగుసగా. "నీ గొంతొకటి. మీ అక్కది ఒకటి, గుర్తుపట్టాను. మరి మీ ఇద్దరి కింద... ఆ ముసలి గొంతు?"

"కింది వరుస పాడింది నేనే కదా మాస్టారూ!"

"నీతోపాటు పాడింది. అదే వరుస."

ఇద్దరి నోళ్లూ మూసే ఉన్నాయి. నేల చెక్కల కింద... బొంగురుగా... వరుస మళ్లీ మొదలైంది.

"మాస్టారూ... అది మీరు రాసిందే కదా?"

మాస్టారు తల దించేసుకున్నారు. "నేను రాసింది కాదు, పిచ్చుకా. నేనూ ఎత్తి రాసిందే."

"మరెవరిది?"

డెబ్భై ఏళ్ల మనిషి, చిన్నపిల్లాడిలా, రెండు కాళ్లూ నేల మీంచి తీసి కుర్చీలోకి ముడుచుకున్నారు.