బల్ల మీద చోటు

మధ్యాహ్నం మూడైంది. సరస్సు మీద ఎండ చక్కగా కాస్తోంది. గాలి లేదు, నీళ్ళలో కదలిక లేదు. ఇలాంటి పూట దెయ్యాలు ఎవరికీ గుర్తు రావు. చిన్నోడికైతే నిద్ర తప్ప ఇంకేదీ గుర్తు రావడం లేదు. తెప్ప అంచున కూర్చుని ఒక కాలికి ఈతకి వేసుకునే ఫిన్ తొడిగి, రెండోది ఎక్కడ పెట్టానా అని చుట్టూ వెతికాడు. అది చేతిలోనే ఉంది.

పేరుకి చిన్నోడేగానీ నలభై దాటాయి. అక్క అలా పిలిచేది, అందరికీ అదే అలవాటైంది.

సరస్సు అడుగున ఓ పాత చెక్క పడవ ఉంది. ఎప్పుడో ముందు తరాల్లో మునిగింది. ఉప్పునీళ్ళు కావు గనక పురుగు పట్టలేదు, పలకలూ బల్లలూ అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. దాన్ని చూడాలని ముచ్చటపడేవాళ్ళకి సిలిండర్లు కట్టి, కిందికి దించి చూపించడమే వాళ్ళింటి బతుకుతెరువు. బావ నీళ్ళలోకి దిగేవాడు. అక్క పైన తాడు పట్టేది. చిన్నోడు సిలిండర్లు నింపేవాడు, మరీ రద్దీగా ఉంటే తనూ దిగేవాడు.

ఐదు రోజుల కిందట బావ ఒక్కడే దిగాడు. పడవ పలక ఏదో వదులైందట, చూసొస్తానన్నాడు. రాలేదు. అక్క తెల్లతాడు లాగితే ఉత్త తాడే పైకొచ్చింది. తెగలేదు, ఎవరూ కోయలేదు. నడుము దగ్గరి ముడి శుభ్రంగా విప్పి ఉంది.

గాలించేవాళ్ళు వచ్చి మూడు రోజులు వెతికారు. మనిషి దొరకలేదు, సిలిండరూ దొరకలేదు. "ధైర్యంగా ఉండండమ్మా" అని చెప్పి వెళ్ళిపోయారు. అక్క మాత్రం తెప్ప దిగలేదు. ఆ తెల్లతాడునే మళ్ళీ నీళ్ళలోకి వదిలి, పట్టుకుని కూర్చుంది. జారిపోతుందేమోనని పైకొసని చిన్నోడే తెప్ప గుంజకి కట్టాడు.

"ఆయన చెయ్యి చాపితే అందడానికి ఏదో ఒకటి ఉండొద్దట్రా?" అంది.

ఆమె కళ్ళు పీక్కుపోయాయి. అన్నం తెస్తే రెండు ముద్దలు తిని పక్కన పెట్టేస్తోంది. ఇంకో రెండ్రోజులు ఇలాగే ఉంటే అక్క కూడా దక్కదని చిన్నోడికి భయం పట్టుకుంది. పోయిన బావకోసం కాదు, ఉన్న అక్కకోసమే ఇవాళ దిగుతున్నాడు.

"ఇదే ఆఖరు. కనబడకపోతే నువ్వు ఇంటికి రావాలి. మాటివ్వు."

"వస్తాన్లే."

"ఒట్టు?"

"వస్తానన్నానుగా, పీక్కుతినకు." అతని నడుముకి పసుపుతాడు కట్టింది. "ఒకటి లాగితే?"

"అక్కా, నాకు తెలీదా?"

"చెప్పు."

"ఒకటి లాగితే బాగున్నావా అని. జవాబుగా ఒకటి లాగాలి. రెండు లాగితే తాడు వదలాలి. మూడు లాగితే పైకి లాగెయ్యాలి."

అదీ ఆ ఇంటి భాష. పెళ్ళిళ్ళలో, జనంలో కూడా బావ అక్క చెయ్యి పట్టుకుని ఒక్కసారి లాగేవాడు. అక్క నవ్వి తిరిగి ఒకటి లాగేది.

చిన్నోడు దిగాడు.

పైన నీళ్ళు పచ్చగా ఉన్నాయి. కాస్త కిందికెళ్తే గోధుమరంగు, ఆ కింద టార్చి వెలుగే దిక్కు. చలి పళ్ళలోకి ఎక్కింది. చెవుల్లో తన ఊపిరి, బుడగల చప్పుడు తప్ప ఏమీ లేదు. నోట్లో రబ్బరు వాసన. పడవ మెల్లగా వెలుగులోకొచ్చింది. బల్లల మీద వేలెడు మందాన ఒండ్రు పేరుకుని ఉంది.

మూడో బల్ల వైపు చూడకూడదనుకుంటూనే చూశాడు.

నిన్న దిగినప్పుడు ఆ బల్ల మీద ఒకచోట ఒండ్రు లేదు. మనిషి కూర్చుని లేచినంత మేర చెక్క నున్నగా కనబడింది. అక్కకి చెప్పలేదు. ఏ చేపో తోకాడించి ఉంటుందిలే అని సరిపెట్టుకున్నాడు.

ఇవాళ పక్కనే ఇంకో చోటు కూడా తుడిచి ఉంది.

భయం వెయ్యాలి. వెయ్యలేదు. ఒక్కసారిగా నీరసం ముంచుకొచ్చింది. ఐదు రోజుల అలుపంతా కాళ్ళలోకి దిగింది. కాసేపు కూర్చుంటే ఏం పోయింది... ఒక్క నిమిషం... అంతే కదా...

కూర్చున్నాడు. ఎంత హాయిగా ఉందో! పైన తాడుందని, అక్క ఉందని, సిలిండర్లో గాలి అయిపోతుందని... అన్నీ తెలుస్తున్నాయి. ఏదీ పట్టడం లేదు. కళ్ళు మూతలు పడ్డాయి.

నడుము దగ్గర తాడు కదిలింది. ఒక్కసారి.

ఉలిక్కిపడి కళ్ళు తెరిచాడు. తన రెండు చేతులూ తన నడుము ముడి మీదే ఉన్నాయి. సగం విప్పేశాయి. కాలి ఒరలో ఉండాల్సిన కత్తి తీసి బల్ల మీద పెట్టి ఉంది, పడుకునేముందు కళ్ళజోడు పక్కన పెట్టుకున్నట్టు.

కత్తి తీసుకోలేదు. మూడుసార్లు లాగాలని కూడా తోచలేదు. పైకి ఎలా ఈదాడో, దారిలో ఒత్తిడి సర్దుకోవడానికి ఆగాల్సిన చోట ఆగాడో లేదో తెలీదు. తెప్ప అంచు పట్టుకునేసరికి వగరుస్తున్నాడు.

"అక్కా! సమయానికి లాగావే! లేకపోతే..."

అక్క నిద్రపోతోంది. తెల్లతాడు ఒళ్ళో ఉంది. పసుపుతాడు ఆమె చేతిలో లేదు. అవతల చుట్టలుగా పడి ఉంది, ఎండకి సగం ఆరిపోయి.

మరి లాగిందెవరు?

చిన్నోడికి ఏడుపొచ్చింది. బావే. ఇంకెవరు? నీకెందుకురా ఇక్కడ, పో అని తరిమేశాడు. పోయినా మనిషి గుణం పోలేదనుకున్నాడు, కళ్ళు తుడుచుకున్నాడు.

అక్కని లేపాడు. "ఏం లేదక్కా. ఇక పద."

"పద," అంది. ఒక్కమాటకే లేచింది. అతనికి ప్రాణం లేచొచ్చింది. "కలొచ్చిందిరా. మీ బావ బల్ల తుడుస్తున్నారు. ఎవరికండీ అంటే నవ్వుతారు."

 చిన్నోడు గబగబా తెల్లతాడు పైకి లాగాడు. కొస వచ్చింది.

కొసకి ముడి ఉంది. గుండ్రంగా, నడుముకి పట్టేలా ఉచ్చు వేసి ఉంది. తిరగేసిన ముడి. బావది ఎడమచేతి వాటం. ఆ ముడి విప్పాలంటే గోళ్ళు ఊడొచ్చేవి. కానీ ఉచ్చు చిన్నది. బావకి పట్టదు. తనకీ పట్టదు.

దాన్ని తాడు చుట్టకింద దూర్చి, సిలిండర్లు పక్కనే కట్టి ఉన్న మోటారు పడవలో పెట్టడానికి వంగాడు. రెండంటే రెండు సిలిండర్లు. తిరిగి చూసేసరికి అక్క ఉచ్చు తొడుక్కుని ఉంది. పెళ్ళైన కొత్తలో ఆమె కూడా దిగేది, చెవి పాడై మానేసింది.

"చూశావా," అంది. ఐదు రోజుల్లో మొదటిసారి నవ్వింది. "ఇన్నేళ్ళయినా నా కొలత మర్చిపోలేదు."

"తియ్యి. అక్కా, తీసెయ్యి!"

ముడి పట్టుకుని పీకాడు. రాలేదు. కత్తికోసం ఒర తడిమాడు. కత్తి కింద ఉంది. పైకొసనైనా విప్పుదామని గుంజ వైపు చూశాడు.

గుంజకి తాడు లేదు. తను కట్టిన ముడి లేదు. ఆ కొస తెప్ప అంచు దాటి నీళ్ళలోకి వెళ్ళింది. చుట్టలు ఒక్కొక్కటే విడిపోతూ జారుతున్నాయి. చిన్నోడు రెండు చేతులా తాడు పట్టుకుని మడమలు తన్నిపెట్టాడు. తాడు కిందినుంచి బిగిసింది.

ఒక్కసారి లాగింది.

అక్క తిరిగి ఒక్కసారి లాగింది. బాగున్నానని.

కాసేపు ఏమీ లేదు. ఎండ అలాగే ఉంది. నీళ్ళు నిమ్మళంగా ఉన్నాయి. తర్వాత...

రెండుసార్లు.

"వదిలెయ్ చిన్నోడా," అంది అక్క మెల్లగా. "ఎంత అలిసిపోయావో చూడు."

వదలనన్నాడు. గట్టిగానే అన్నాడు. అని, తన చేతుల వంక చూసుకున్నాడు. వేళ్ళు ఒక్కొక్కటిగా విచ్చుకుంటున్నాయి.